రమోన్ గారి పీపాలు

ఈ ఉదయం మా ఊరు హెర్న్‌డన్‌లోని గ్రోసరీ స్టోర్‌లో ఎవరి చేతిలోంచో షెర్రీ వెనిగర్ సీసా జారి పగిలింది. ముక్కుపుటాలదిరే పులుపు, దాని వెనకే వేయించిన బాదంపప్పు లాంటి వాసన. కార్ట్ అక్కడే వదిలేసి వచ్చి కారులో కూర్చున్నాను. చాలాసేపటి దాకా ఇంజన్ ఆన్ చేయలేకపోయాను.

రమోన్ గారు మా పక్కింటాయన. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. షెర్రీ వైన్ పుట్టిన హెరెస్ ఆయన సొంత ఊరు. దక్షిణ స్పెయిన్‌లో ఉంది. ఆయన తండ్రి అక్కడి వైన్ గిడ్డంగిలో జీవితమంతా పనిచేశారట. తండ్రి పోయాక, ఆయన చూసుకున్న పీపాలోంచి తెచ్చుకున్న వైన్‌తో రమోన్ గారు తన గరాజ్‌లో మూడు చిన్న ఓక్ పీపాలు పెట్టుకున్నారు. అన్నిటికంటే పాత పీపాలోంచి ఏటా కొంచెం తీస్తారు. తీసిన మేరకు దాని తర్వాతి పీపాలోంచి నింపుతారు. చివరిదాంట్లో కొత్త వైన్ పోస్తారు. ఏ పీపానూ పూర్తిగా ఖాళీ చేయరు.

“అందుకే మా నాన్న చేతి వైన్ ఇందులో ఒక చుక్కయినా ఎప్పటికీ ఉంటుంది” అనేవారు. నేను తాగనని తెలుసు కాబట్టి వాసన చూడమనేవారు. ఒకసారి బిరడా తీసి లోపలికి టార్చి వేశారు. వైన్ మీద తెల్లటి ఈస్ట్ పొర తేలుతోంది. “దీన్ని మా ఊళ్ళో పువ్వు అంటాం. ఇది బతికున్నంతకాలం వైన్‌కి గాలి తగలదు. వేడికి ఇది చచ్చిపోతే వైన్ వెనిగరైపోతుంది.”

ఆ ఏడాదే, ఆరో నెలలో, నా కడుపులో బిడ్డ పోయింది. ఫోన్లో అమ్మ, ఇంటికొచ్చిన స్నేహితులు, అందరిదీ ఒకటే మాట: “చిన్నదానివే కదా, మళ్ళీ ట్రై చేయొచ్చు.” రమోన్ గారు మాత్రం సూప్ గిన్నెతో వచ్చి మా ఇంటి వెనక డెక్ మీద నా పక్కన కూర్చుని అడిగారు: “పేరు అనుకున్నారా?”

“మీనాక్షి” అన్నాను. ఆ పేరు బయటికి అనడం అదే మొదటిసారి.

ఆయన నోరు తిరగక రెండు మూడుసార్లు తడబడి, సరిగ్గా పలికేదాకా ఆపలేదు. చీకటి పడేవరకూ కూర్చున్నారు.

ఆ తర్వాతి వేసవిలో ఆయన తుంటి విరిగి చాలాకాలం ఆసుపత్రిలో ఉండిపోయారు. గరాజ్‌లో పీపాల కోసం పెట్టించిన ఏసీ ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. తిరిగొచ్చిన రోజు వాకర్ పట్టుకుని ఆయనా, ఆయనకు తోడుగా నేనూ, మావారు శ్రీనివాసూ లోపలికి వెళ్ళాం. బిరడా తీయకముందే వాసన కొట్టింది. ఒకదాని తర్వాత ఒకటి మూడూ తెరిచారు. పువ్వు చచ్చిపోయి అడుక్కి దిగిపోయింది. మూడూ వెనిగరే.

“ఇట్స్ ఓకే రమోన్, మళ్ళీ స్టార్ట్ చేద్దాం. మేం హెల్ప్ చేస్తాం” అన్నాడు శ్రీనివాస్, మంచి మనసుతోనే.

“దేనితో?” అన్నారాయన.

పారబోయమన్నారు. శ్రీనివాస్ పీపాలు వంచితే డ్రైవ్‌వే మీదుగా రోడ్డు దాకా పారింది. నాకు చేతనైంది ఒక్కటే గుర్తొచ్చింది. “మీ నాన్నగారి పేరేంటి?” అని అడిగాను.

“ఇగ్నాసియో.”

నేనూ ఆ పేరు మెల్లగా పలికాను. ఆయన తల ఊపారు గానీ నా వైపు చూడలేదు. నన్ను ఆ రోజు నిలబెట్టిన మాట ఆయన్ని నిలబెట్టలేకపోయింది. ఆ తర్వాత గరాజ్ తలుపు తెరవలేదు, తిండి తగ్గించేశారు, చలికాలం దాటకుండానే పోయారు. కాలిఫోర్నియా నుంచి కూతురొచ్చి ఇల్లు అమ్మేసింది. కొత్తవాళ్ళు పీపాలు సగానికి కోయించి పూల మొక్కలు పెట్టుకున్నారు.

పోయిన నెల మా ఆఫీసులో కవిత భర్త హఠాత్తుగా చనిపోయాడు. వాళ్ళింటికి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, అతనెలాంటివాడో చెప్పమన్నాను. మధ్యాహ్నమంతా చెప్పింది. చివరికి నా చెయ్యి పట్టుకుని, “ఇది తగ్గుతుందా అక్కా?” అని అడిగింది.

తగ్గుతుందని చెప్పలేకపోయాను. “నాకింకా తగ్గలేదు” అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. నేనూ లేవలేదు.