మామ్మ తనమీద వేసుకున్న కునుకు

మా పక్కింటి మామ్మ పోయింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న పిల్లల క్యారేజీల్లో ఉప్మా సర్దుతుంటే గోడ అవతల నుంచి ఆవిడ కోడలు పిలిచింది. "ఓ పాలి రాయే. మా అత్త లెగడం నేదు" అంది. చేతిలో గరిటతోనే వెళ్లాను. మామ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి ముట్టుకుంటే తెలిసిపోయింది. కోడలు నా మొహంలోకి చూసి అక్కడే చతికిలబడింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. చోడవరంలో మేము అద్దెకు దిగిన ఏడేళ్ల నుంచి మా రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే, అంతే. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఏడుపొచ్చి కాదు, భయంతో. ఆవిడ మంచి చెప్పాలంటే నా చెడు చెప్పుకోవాలి. అది తప్పించి రాయగలనేమో అని మూడు కాగితాలు చింపాను. కుదరలేదు.

నేను కథలు రాస్తాను. ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగున్నర. మా ఆయన పొద్దున్నే అనకాపల్లి బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. మా అత్త మాతోనే ఉంటుంది గానీ బుచ్చయ్యపేటలో చెరుకు ఉంది గనక వారంలో నాలుగు రోజులు అక్కడే. ఇంక రాత ఎలా సాగుతుందో మీరే ఊహించుకోండి. ఒక పేరా పూర్తయ్యేలోపు ఒకడు ముక్కు తుడవమంటాడు, ఒకతె చెప్పు కనబడలేదంటుంది. ఒక కథ వెనక మావాడు బస్సు బొమ్మ వేశాడు. నిజం చెప్పాలంటే కథకంటే బస్సే బాగుంది.

చిన్నది పాకే రోజుల్లో ఒకసారి మామ్మ మా ఇంటికొచ్చేసరికి నేను బాత్రూంలో గడియ పెట్టుకుని, బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని రాస్తున్నాను. బయట పిల్లలిద్దరూ తలుపు బాదుతున్నారు.

"ఏటే, కడుపు బాగోనేదేటి?" అంది మామ్మ.

"రాసుకుంటన్నాను మామ్మా" అన్నాను.

"రాసుకోడానికి ఈ కంపు దేనికీ?" అంది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వచ్చి పిల్లలిద్దర్నీ తన అరుగు మీదికి తీసుకుపోయింది. పోతూ పోతూ మా వీధి తలుపుకి బయటినుంచి గొళ్లెం పెట్టేసింది. అదేమిటని అడిగితే, "లోన గడియైతే నువ్వే తీసీస్తావు. ఆళ్లు కుయ్యిమంటే పరిగెత్తుకొచ్చేస్తావు. నీ సెయ్యిని నేను నమ్మను" అంది. పెరటి తలుపు నా చేతిలోనే ఉంది, కావాలంటే ఎటైనా పోవచ్చు. అయినా ఆ గొళ్లెం చప్పుడు వింటే కుర్చీకి అతుక్కుపోయేదాన్ని. ఆవిడ పక్కింటి కోడల్ని బంధించిందేమిటని వీధిలోవాళ్లు మొదట్లో చెవులు కొరుక్కున్నారు కూడా.

నాలుగింటికి వచ్చి తలుపు తీసి, "ఏటైనా ఒచ్చిందా?" అని అడిగేది. ఆవిడకి చదువు రాదు. నేనేం రాస్తున్నానో ఒక్కనాడూ అడగలేదు. ఏమీ రాలేదంటే "రేపొస్తాది, ఎక్కడికి పోద్ది" అనేది. మాడుగుల నుంచి ఆవిడ తమ్ముడు హల్వా తెచ్చినప్పుడల్లా ఒక ముక్క కాగితంలో చుట్టి, పిల్లలకి కనబడకుండా నా చేతిలో పెట్టేది. "ఆళ్లు ఇందాకే తిన్నారు. ఇది నీది, దాసకుండా తిను" అనేది. పెళ్లయ్యాక నేను తిన్నానా లేదా అని నిలబడి చూసిన మనిషి ఆవిడొక్కతే.

పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టేది కాదు. కందికాయలు వలిపించేది, చింతపండులో పిక్కలు తీయించేది. కన్ను మాత్రం వాళ్ల మీంచి తీసేది కాదు. "పాలూ పిల్లలూ ఒకటేనే. సూస్తన్నంతసేపూ పొంగవు" అనేది. పగటి నిద్ర ఆవిడ ఒంట్లోనే లేదు.

ఇంక దాటవేయడానికి ఏమీ లేదు. రెండేళ్ల కిందట, చెరుకు నరికే రోజుల్లో జరిగింది ఇది. మా సందు చివర మెయిన్ రోడ్డు. ఆ రోజుల్లో చెరుకు లోడు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. పెద్దవాడు బడికెళ్లాడు. మామ్మ చిన్నదాన్ని తీసుకెళ్లి గొళ్లెం పెట్టింది. నేను ఒక కథ చివర్లో ఉన్నాను. పెరటి కిటికీ కింద నుంచి "అమ్మా, నీళ్లు" అని వినబడింది. చిన్నది. చేతిలో తన ఆకుపచ్చ ప్లాస్టిక్ గ్లాసు. లేచి తలుపు తీసి గ్లాసెడు నీళ్లిస్తే అయిపోయే పని. నేను "మామ్మనడుగు" అన్నాను. మళ్లీ "అమ్మా" అంది. "మామ్మ దగ్గరికి పొమ్మన్నానా" అని కసిరాను. తర్వాత చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం నాకు హాయిగా కూడా అనిపించింది.

పిల్ల మా పెరట్లోకి వెళ్లడం మామ్మ చూసింది. తిరిగి రాకపోతే తల్లి లోపలికి తీసుకుందనుకుంది. నేనేమో మామ్మ దగ్గరికి పోయిందనుకున్నాను. అప్పుడే మా అత్త బుచ్చయ్యపేట నుంచి బస్సు దిగి వచ్చింది. "గుంటేదీ?" అని అరుగు దగ్గర ఆగి చిన్నదాని గురించి అడిగింది. లోన తల్లికాడుందని చెప్పి మామ్మ వచ్చి గొళ్లెం తీసింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"నీకాడ నేదేటి?" అంది మామ్మ.

"నీకాడికి రానేదా?" అంది మా అత్త.

"రాలేదు" అన్నాను.

అబద్ధం. నోటికి వచ్చింది, అనేశాను. చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను. కదులుతున్న ట్రాక్టర్ల కింద వంగి వంగి చూస్తూ, దానిపేరు పెట్టి అరుస్తూ పోతున్నాను. డ్రైవర్లు తిడుతున్నారు. నీళ్లు అడిగింది, నీళ్లు అడిగింది అని తలలో ఒకటే రొద. కాలవ వైపు నలుగురు మగవాళ్లు పోతుంటే నేను అటు చూడకుండా ట్రాక్టర్ల వెంటే పోయాను. చివరికి మా వీధి చివరి కొట్టతను కేకేశాడు. రోడ్డవతల టైరు పంచరై ఆగిపోయిన ట్రాక్టరు నీడలో చెరుకు నరికే ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మా పిల్ల ఒకావిడ ఒళ్లో కూర్చుని చెరుకు ముక్క చీకుతోంది. "ఎవుల గుంటో అని ఒట్టుకుని కూకున్నాం. రోడ్డు మజ్జికి వచ్చీసింది" అందావిడ. పిల్లనెత్తుకున్నాను.

ఇంటికొచ్చాక మా అత్త వీధి గుమ్మంలో నన్ను నిలబెట్టింది. చుట్టూ పదిమంది ఉన్నారు. "నిజం సెప్పు. గుంట నీకాడికి వచ్చిందా? వచ్చుంటే నీ కాగితాలన్నీ ఇప్పుడే పొయ్యిలో ఎట్టీస్తాను. ఇంక ఈ ఇంట్లో రాతన్న మాట ఉండదు" అంది. నేను నోరు తెరవలేదు. అప్పుడే మా పెరట్లోంచి మామ్మ వస్తోంది. కిటికీ కింద పడి ఉన్న ఆకుపచ్చ గ్లాసు ఆవిడ బొడ్డు దగ్గర చీరలో దోపి ఉంది. అంచు కనబడుతోంది. నేను చూశానని ఆవిడా చూసింది. కొంగు దానిమీదికి లాక్కుంది.

"దాన్నేటి అడుగుతావు. తప్పు నాదేనమ్మా. కునుకు పట్టీసింది. లెగిసీసరికి గుంట నేదు, తల్లికాడుందనుకున్నాను" అంది.

మా అత్త నానా మాటలూ అంది. ఆవిడ తల వంచుకుని పడింది. ఆ రోజు నుంచి మా అత్త ఆవిడతో మాట్లాడటం మానేసింది. వీధిలో తల్లులు కూడా తమ పిల్లల్ని ఆ అరుగు మీద దింపడం మానుకున్నారు. వారం తర్వాత మా అత్త పొలానికెళ్లినప్పుడు మామ్మ ఎప్పటిలాగే రెండింటికి వచ్చింది. "మామ్మా, ఆ రోజు..." అని మొదలెట్టాను.

"ఊరుకో" అంది. "మీ అత్తకి నామీద కోపమొస్తే నాకేటి? నా ఇంట్లో నేనుంటాను. నీమీదొస్తే నువ్వు ఆ ఇంట్లోనే ఉండాల. ఎల్లు, రాసుకో." పిల్లనెత్తుకుని గొళ్లెం పెట్టి పోయింది.

ఆ తర్వాత నేను ఎన్నో కథలు రాశాను. నిజాయితీ మీద కూడా ఒకటి రాశాను, సిగ్గులేకుండా. ఆ రోజు నేను కుర్చీలోంచి లేవకుండా పూర్తిచేసిన వాక్యం సంగతి అడుగుతారేమో, అచ్చుకి పంపేముందు బాగోలేదని నేనే కొట్టేశాను. రెండేళ్లు రోజూ చెబుదామనుకున్నాను. ఆవిడ ఉందిగా, రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

పదకొండో రోజు భోజనాలకి మా అత్త కూడా వచ్చింది. లోకం కోసం వచ్చింది. విస్తళ్ల ముందు ఆడవాళ్లు మామ్మని తలుచుకుంటున్నారు. ఒకావిడ ఆవిడ పెట్టిన పచ్చడి గురించి చెప్పింది. మా అత్త మజ్జిగ పోయించుకుంటూ, "మంచి మనిసే. ఒక్క పాలి కునుకు తీసి నా మనవరాల్ని పోగొట్టబోయింది, అదే మరి" అంది. వడ్డిస్తున్న మామ్మ కోడలి చెయ్యి ఆగిపోయింది.

నేను ముద్ద విస్తట్లో పెట్టేశాను. "మామ్మ నిద్రపోలేదు" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. "మామ్మ నిద్రపోలేదు అత్తా. చిన్నది నా దగ్గరికొచ్చి నీళ్లడిగింది. నేనే కసిరి పంపాను. మామ్మకి తెలుసు. నా రాత ఆగిపోద్దని తనమీద వేసుకుంది."

కోడలు మజ్జిగ గిన్నె కింద పెట్టి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా అత్త నా వైపు చూడలేదు. సగం విస్తరి అలా వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని బయటికి పోయింది. నేనూ లేచాను. ముందు మా ఇంటికి పరిగెత్తి అలమర చూశాను. అంత జరిగాకా నేను చూసింది కాగితాలనే. అవి అలాగే ఉన్నాయి.

మా అత్త ఇంట్లో లేదు. గోడ మీంచి చూస్తే మామ్మవాళ్ల పెరట్లో ఉంది. కుచ్చెళ్లు పైకి దోపి, నూతి గట్టు దగ్గర గొంతుక్కూర్చుని, దినం వంటల గుండిగలు తోముతోంది. మీరెందుకమ్మా, పనివాళ్లున్నారు కదా అని ఎవరో అంటున్నా వినడం లేదు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆమె తలెత్తలేదు. మోచేతులదాకా మసి. కాసేపటికి చింతపండు తొక్కు నా వైపు తోసింది. మామ్మ ఇంటి గిన్నెలు తోముతూ ఇద్దరం అక్కడే కూర్చుండిపోయాం.