మా అమ్మాయికి రాని ‘మేము’

మా అమ్మాయికి ‘మేము’ అనడం ఎంతకీ వచ్చేది కాదు. ఎవరితో మాట్లాడినా ‘మనం’ అనేసేది. గుంటూరులో ఉన్న వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేసి, “అమ్మమ్మా, మనం నిన్న బీచ్‌కి వెళ్ళాం” అనేది. “నేనెప్పుడొచ్చానే తల్లీ!” అని ఆవిడ పడీపడీ నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. “అమ్మమ్మ రాలేదు కదే, మేము అను” అని వెంటపడి దిద్దేదాన్ని. తలూపేది, మళ్ళీ మామూలే. పొద్దస్తమానం ఇంగ్లీషులో ఒక్క ‘వి’తో పని జరిగిపోతుంటే ఆ తేడా దాని బుర్రకెక్కేదెలా?

ఆ ‘మనం’ పుణ్యమా అని మా పక్కింటావిడ ఓసారి చర్చికి వచ్చింది. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా టౌన్‌హోమ్‌కి ఆనుకునే వాళ్ళది. కరీంనగర్ మనిషి, నన్ను అక్కా అనేది. వాళ్ళమ్మాయీ మా అమ్మాయీ ఒకే క్లాసు. ఒకరోజు మా పిల్ల వాళ్ళింటికెళ్ళి, “ఆంటీ, సండే మనం చర్చికి వెళ్తున్నాం, లంచ్ కూడా ఉంది” అని చెప్పొచ్చింది. ఇంకేముంది, ఆదివారం పొద్దున ఆవిడ పట్టుచీర కట్టుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, పులిహోర గిన్నెతో మా కార్ దగ్గర నిలబడి ఉంది! ఏమనను? ఎక్కించుకున్నాను. మా తెలుగు చర్చిలో ప్రసంగం మొదలైతే ఓ పట్టాన ఆగదు. ఆవిడ కదలకుండా కూర్చుంది. చిన్నప్పుడు కాన్వెంట్‌లో చదివిందట, పరలోక ప్రార్థన వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. తర్వాత అసలు సంగతి తెలిసి, “పిల్ల పిలిస్తే వచ్చిన, దాంట్ల తప్పేమున్నదక్కా?” అని నవ్వేసింది. అప్పట్నించీ ఆవిడంటే నాకు ప్రాణం.

పిల్లలిద్దరూ చదివేది ఒక చర్చి నడిపే చిన్న బడిలో. అది మా చర్చి కాదు, వేరే శాఖవాళ్ళది. ఎనిమిదో క్లాసు వరకూ ఏ మతం పిల్లలనైనా చేర్చుకునేవాళ్ళు. ఆ పైన క్లాసుల్లేవు. మా పిల్లలేమో ఎనిమిదికొచ్చేశారు. హైస్కూల్ కూడా పెట్టండి, అందులో పిల్లలందరికీ చోటుండాలి అని తల్లిదండ్రులందరం కమిటీ వెంటపడ్డాం. పొద్దున ప్రార్థన వారానికొక ఇంటి పద్ధతిలో చేయిద్దామని పక్కింటావిడే సలహా ఇచ్చింది. మా ఇద్దరి ఆరాటం మాత్రం ఒకటే, ఈ పిల్లలు విడిపోకూడదు. వాళ్ళమ్మాయి బంగారు తల్లి, కానీ మహా బిడియం. మా పిల్ల పక్కన లేకపోతే క్లాసులో నోరు విప్పేది కాదు. కొత్త బడిలో ఒంటరిగా పడేస్తే ఏమైపోతుందోనని వాళ్ళమ్మకి బెంగ.

ఆఖరి మీటింగ్‌కి పిల్లలనీ తీసుకుని నలుగురం నా కార్‌లోనే వెళ్ళాం. నోరున్నదాన్నని నన్నే మాట్లాడమన్నారు. “వి వాంట్ వన్ స్కూల్ ఫర్ ఆల్ అవర్ చిల్డ్రన్” అన్నాను, బాగా బట్టీపట్టి. కమిటీ పెద్దాయన మంచివాడే. ఎవరెదురొచ్చినా తలుపు తెరిచి పట్టుకుని నిలబడే రకం. నవ్వుతూ లేచి, తొమ్మిదో క్లాసు పెడుతున్నామన్నాడు. చప్పట్లు కొట్టాం. క్రైస్తవ కుటుంబమైతే చాలు, ఏ శాఖైనా ఫర్వాలేదన్నాడు. మిగతావాళ్ళ సంగతి ముందుముందు చూస్తారట. నా పక్కనే చప్పట్లు కొడుతున్న పక్కింటావిడ చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగిపోయాయి.

“మరి ఈవిడ కూతురు?” అన్నాను లేచి.

ఆయన నిజంగానే తికమకపడ్డాడు. “మీరు ‘వి’ అంటే చర్చికెళ్ళే తల్లిదండ్రులనుకున్నాం” అన్నాడు.

ఓరి నాయనోయ్! మా భాషలో దానికి రెండు మాటలున్నాయి, నేనన్నది అందరినీ కలుపుకునే మాట అని చెబుదామనుకున్నాను. కోపమొస్తే నాకు ఇంగ్లీషు చచ్చినా రాదు. “ఆల్ మీన్స్ ఆల్!” అని అరిచి కూర్చున్నాను. ఆలోచిస్తామన్నారు మర్యాదగా. ఆ మర్యాద చూస్తే ఇక ఆలోచించరని అర్థమైపోయింది.

నలుగురం వచ్చి కార్‌లో కూర్చున్నాం. ఆవిడే అంది, “నీ బిడ్డకైతే సీటొచ్చింది గదక్కా, చేర్పియ్యి. మా కోసం ఆగకు.” గొంతు మామూలుగానే ఉంది, ముఖం మాత్రం కిటికీ వైపు తిప్పేసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

వెనక సీట్లోంచి మా పిల్ల అంది, “అమ్మా, మనం ఆ స్కూల్‌కి వెళ్ళం.”

అలవాటు కదా, దిద్దడానికి నోరు తెరిచాను. తెరిచి ఆగాను. కార్‌లో ఉన్నది మేం నలుగురం. ఇన్నేళ్ళకి ఆ మాట ఉండాల్సిన చోటే ఉంది.

“అవునే తల్లీ, మనం వెళ్ళం” అన్నాను, కార్ స్టార్ట్ చేస్తూ.