బాపు బండి, నా పొలిటికల్ సైన్సు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, మాకొక గట్టి నమ్మకం ఉండేది. పొలిటికల్ సైన్సుకు పుస్తకం తెరవనక్కర్లేదు, రోజూ పేపరు చదివేవాడెవడైనా పాసైపోతాడని. వరంగల్‌లో బీఏలో చేరింది ఎకనామిక్స్ మీద ప్రేమతో. పొలిటికల్ సైన్సు కూరగాయలతో కొసరుగా వచ్చే కరివేపాకు. దాని క్లాసేమో పొద్దున మొదటి గంట. డోర్నకల్ నుంచి ప్యాసింజర్‌లో వచ్చి దిగి, స్టేషన్ ఎదుటి హోటల్లో దోస్తులతో చాయ్ ముందు కూర్చుని రోజుకో ప్రభుత్వాన్ని పడగొట్టి (మళ్లీ నిలబెట్టే ఓపిక ఎవరికీ ఉండేది కాదు) లేచేసరికి ఆ గంట కాస్తా అయిపోయేది. లెక్చరర్ అడిగితే బండి లేటని చెప్పేవాణ్ణి. రోజూ అదే జవాబు.

ఏడాది చివర్లో అటెండెన్స్ తగ్గినవాళ్ల జాబితాలో నా పేరే మొదటిది. హాల్ టికెట్ రాదన్నారు, అంటే ఏడాది గోవిందా. కాళ్లావేళ్లా పడితే లెక్చరర్ కాస్త కరిగి, బండి నిజంగానే లేటని రైల్వేవాళ్లెవరైనా వచ్చి చెబితే సంతకం పెడతానన్నారు. ఆ బండికి గార్డు మా బాపే. స్టేషన్ స్టేషన్‌కూ టైము చూసి పుస్తకంలో రాసుకునే మనిషి, తన బండి లేటని ఎవరైనా అంటే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి. రెండు రోజులు బాపు కంటపడకుండా తిరిగాను. మూడో రోజు అమ్మతో చెప్పించాను.

మర్నాడు బాపు డ్యూటీ దిగి తెల్ల యూనిఫారంలోనే కాలేజీకి వచ్చాడు. చంకలో ఆ పుస్తకం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లెక్చరర్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. పుస్తకం మీద చెయ్యి పెట్టి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"బండి లేటే సార్. పిలగాని తప్పేం లేదు."

ఆ యూనిఫారం ముందు పుస్తకం తెరవమనడానికి లెక్చరర్‌కు మొహమాటం అడ్డొచ్చింది. సంతకం పెట్టేశారు. గుండెల మీంచి గూడ్సుబండి దిగిపోయినట్టయింది నాకు. గేటు దాకా బాపు వెనకే నడిచాను. అక్కడ ఆగి టోపీ సర్దుకున్నాడు.

"ఇరవై ఏండ్ల సర్వీసుల నా బండిని నా నోటితోని లేటన్నది ఇయ్యాల్నే. రేపటిసంది జర టైముకు పో, బిడ్డా."

తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి హోటల్ వైపు తలతిప్పకుండా క్లాసుకు పరుగెత్తాను. బొటాబొటీ మార్కులతో పాసయ్యాను కూడా.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. తొమ్మిదింటి ముహూర్తానికి ఏడింటికే వెళ్లి కుర్చీలు వేసేవాళ్లకు అడ్డంగా నిలబడతానని మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నాకోసం ఇంకొకరు తలవంచుకుని అబద్ధమాడే అవసరం మళ్లీ రాలేదు, అంతవరకు నయం.