కందెన పూసిన బ్రేకు

1962వ సంవత్సరం జూన్ 9వ తేదీ, శనివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, వాకాడులో నేను అద్దెకున్న ఇంటి పంచలో, ప్రభుత్వం వారి మోటారు సైకిలు వెనుక చక్రాన్ని స్వహస్తాలతో విప్పడం ప్రారంభించాను. గడియారం చూసి మరీ ప్రారంభించాను. ఆ రోజుల్లో చదువుకున్నవాడు చేసే ప్రతి పనికీ ఒక కాగితం ఉండి తీరాలని నా నమ్మకం. అందుచేత ఒక తెల్లకాగితం మీద తేదీ, వేళ వేసి, "చక్రము విప్పుట ఆరంభము" అని రాసి, కింద సంతకం కూడా పెట్టాను. (దాన్ని ఎవరికి సమర్పించదలచుకున్నానో ఇప్పటికీ నాకు బోధపడలేదు.) మా నాన్న బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం బస్తాలు తోలే ఎద్దులబండి మనిషి. మా ఇంట్లో బి.ఏ. దాకా వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే. చదువుకున్నవాడికి రాని పనంటూ ఉండదని మా వీధిలో అందరూ అనుకునేవారు. వాళ్లను తప్పుపట్టలేను, నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఆ మోటారు సైకిలు యుద్ధకాలంలో సైన్యం వాడి వదిలేసిన సరుకు. ఎన్ని చేతులు మారి మా కార్యాలయానికి చేరిందో తెలియదు. సముద్రపు ఒడ్డున చేపల పల్లెల్లోని సహకార సంఘాలను తనిఖీ చేయడం నా ఉద్యోగం. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన బండిని ఉప్పుటేటి నీళ్లలో నుంచి నడిపించి, కడగకుండానే తాటాకు కొట్టంలో నాలుగు నెలలు నిలబెట్టి, బదిలీ మీద హాయిగా వెళ్లిపోయారు. ఉప్పుగాలికి ముందు బ్రేకు తీగ తెగిపోయింది. వెనుక బ్రేకు పట్టుకుపోయింది. పెడలు తొక్కితే కిందికి దిగి అక్కడే ఉండిపోయేది. చక్రం ఇక తిరిగేది కాదు. నేను వాకాడుకు వచ్చి అప్పటికి పదిరోజులు. వేరే ఊళ్లో మొదలైన నా ప్రొబేషను ఆ నెలాఖరుకు ముగుస్తుంది. సోమవారం ఉదయం మా పై అధికారి డిప్యూటీగారు నాయుడుపేట బస్సులో దిగుతారనీ, పల్లెకు జీపు పోలేని ఇసుకదారి గనుక నేనే ఆయనను మోటారు సైకిలు మీద తీసుకుపోవలెననీ, నన్ను ఉద్యోగంలో ఖాయం చేసేదీ లేనిదీ ఆనాటి నా పని చూసి రాస్తారనీ తాఖీదు వచ్చింది. ఖాయం కాకపోతే తిరిగి మా వీధికే. అక్కడ ఏ ముఖం పెట్టుకొని తిరగాలి?

శుక్రవారం నాడే హెడ్ గుమాస్తాగారి దగ్గరకు వెళ్లి బండి నడవడం లేదని మనవి చేశాను. ఆయన తొణకకుండా రిజిస్టరు తీసి నా ముందు తెరిచారు.

"నడస్తా ఉండాదని రాసుంది గదా నాయనా. కింద మీరే సంతకం పెట్టి తీసుకున్నారు."

"చూడకుండా పెట్టానండీ."

"బి.ఏ. చదివి, చూడకుండా పెట్టినారా?"

"ఇది అన్యాయమండీ. నేను వచ్చి పదిరోజులే అయింది."

"పదిరోజుల ముందు నడిచింది, ఇప్పుడు నడవలేదు. మధ్యలో ఉండింది ఎవురు? చదువుకున్నోరు, ఇంతదానికే ఆఫీసు మీద పడితే ఎట్ట?"

నా ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే ఈ అక్రమం మీద అర్జీ రాయడానికి కూర్చున్నాను. రెండు పేజీలు నిండిన తరువాత, అర్జీ ఎంత ఘాటుగా రాసినా దానికి బ్రేకు వదలదన్న సంగతి తట్టి, పక్కింటివారి దగ్గర స్పానర్లు అరువు తెచ్చుకున్నాను.

చక్రం బొడ్డులో గిన్నెలాంటి డ్రమ్ము ఉంటుంది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు బ్రేకు షూలు. పెడలు తొక్కగానే ఆ షూలను రెండు పక్కలకూ నెట్టి డ్రమ్ముకు అదమడానికి చిటికెన వేలంత ఇరుసు ఒకటి. ఆ ఇరుసే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి నానబెట్టాను. కొట్టాను. బతిమాలాను. హెడ్ గుమాస్తాగారిని తలచుకొని మళ్లీ కొట్టాను, అప్పుడు వచ్చింది. గరుకు కాగితంతో తళతళలాడేట్టు తోమాను. అంతవరకూ నా ప్రవర్తనలో దోషమేమీ లేదని నేటికీ వాదించగలను. ఇక అది మళ్లీ పట్టుకోకుండా ఏం చేయాలన్నది ప్రశ్న. బిగుసుకున్న చక్రానికి మందేమిటో మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు: కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసిన కందెన. నాన్న బండి కింద వేలాడే కందెన గొట్టాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి. వీధిలో ఒక బండి ఆయనను అడిగి తెచ్చి ఇరుసుకు పూశాను. ఇరుసుకు పూసి షూలకు మానడం ఎందుకని షూలకూ పూశాను. ఈ పక్షపాతం మాత్రం ఎందుకని డ్రమ్ము లోపలంతా పూశాను. చక్రం బిగించి వేలితో ఒక్క తోపు తోస్తే, అది తిరుగుతూనే ఉంది. ఆ ఆగకపోవడమే నా విజయమని పొంగిపోయాను.

సాయంత్రం బజారులోకి బయలుదేరాను. బజారు చివర ఒక అక్క ఉప్పుచేపల గంప ముందు పెట్టుకొని కూర్చొని ఉంది. ఇరవై గజాల దూరం నుంచే పెడలు తొక్కాను. పెడలు దిగింది. బండి తన దారిన తాను పోతూనే ఉంది. రెండు కాళ్లూ నేలకు ఆనించి, చెప్పులు రెండూ వెనుక వదిలేసి, హారను మోగిస్తూ పోయి గంపలో ఆగాను.

"ఏంది సార్, చేపలు కావాలంటే దిగి అడగొచ్చు గదా," అంది ఆమె, లేవకుండానే.

"బ్రేకు పడలేదమ్మా."

"ఆ మాట ముందే చెప్పుంటే లేచుండేదాన్ని. పీపీ అని ఊదుకుంటా వస్తా ఉంటే పెండ్లివారేమో అని చూస్తా కూర్చున్నా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒక ప్రభుత్వోద్యోగిని చూసి బజారులో నవ్వడం ఎంతవరకు మర్యాద అని నేను మండిపడుతూ బండిని నెట్టుకుంటూ ఇంటికి వచ్చి, ఆ కోపంలోనే చక్రం మళ్లీ విప్పేశాను. ఆదివారం పొద్దున చక్రం భుజాన వేసుకొని, విడిభాగాలు తువ్వాలులో మూటకట్టి, ఇంజన్ల సాయిబుగారి కొట్టానికి వెళ్లాను. పొలాలకు నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేయడం ఆయన వృత్తి. యాభై దాటిన మనిషి.

"ఇదేంది సార్?"

"బ్రేకు."

"బ్రేకంటే బండికుంటాది. ఇది మూట."

"దీన్ని మీరు బిగించి సరిచేయాలి. రేపు ఉదయానికి కావాలి."

"నేను ముట్టుకోను సార్. బండిగా తెస్తే విప్పుతా. మూటగా తెస్తే విప్పినోరే బిగించాల. మా నాయిన కాలం నుంచీ మాకది కట్టుబాటు."

"ఇదేం కట్టుబాటండీ?"

"ఇందులో ఏముండాదో ఏం లేదో నాకెట్ట తెలుస్తాది? రేపు ఒక నట్టు తక్కువైతే సాయిబు కాజేసినాడంటారు."

"నేను అలా అనేవాణ్ణి కాను. నేను గ్రాడ్యుయేటును."

"పోయినేడు గోతంలో ఇంజను తెచ్చినాయన గూడా పెద్దమనిషే సార్. ఈ బజార్లోనే నన్ను దొంగన్నాడు."

ఇది సర్కారు పని అన్నాను. అత్యవసరం అన్నాను. పౌరుల బాధ్యత గురించి కూడా కొంత చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "కోపం తగ్గినాక ఆ నీడన కూర్చొని బిగించండి. బండి గూడా ఈడికే తెచ్చుకోండి," అని తన పనిలో పడ్డారు. చేసేది లేక, మిగతా బండిని ఒక ఎద్దులబండి మీద వేయించి తెచ్చుకొని కూర్చున్నాను. షూల మధ్య స్ప్రింగు రెండుసార్లు ఎగిరి రివ్వున నా చెవి పక్కనుంచి పోయింది. రెండు గంటల తరువాత మూట బండి అయింది. సాయిబుగారు లేచి వచ్చి, చక్రం తిప్పి, ముఖం దగ్గరగా పెట్టి వాసన చూశారు.

"కందెన పూసింది ఎవురు?"

"నేనే."

ఆయన నవ్వుతారనుకొని, నవ్వితే ఏమనాలో సిద్ధం చేసుకున్నాను. ఆయన నవ్వలేదు.

"మీ నాయినకు బండుందా సార్?"

"ఉంది."

"అదీ సంగతి. బండి పోవాలని కందెన పూస్తారు. దీన్ని పెట్టింది ఆగేదానికి సార్."

ఆ రెండు రోజుల్లో నా కోపం ఆగింది ఆ ఒక్క మాట దగ్గరే. అయితే ఆగింది ఎంతోసేపు కాదు. ఇప్పుడు ఇది బండే కదా, కట్టుబాటు ప్రకారం తమరు విప్పండి అన్నాను. "రేపు దారిలో పట్టుకుంటే ఆడ నేనుంటానా? మీరే విప్పండి, నేను చెప్తా," అన్నారాయన. తాను చెప్పిన కట్టుబాటును తానే దాటే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. డ్రమ్మునూ షూలనూ పెట్రోలుతో కడిగించారు, షూలకు నిప్పుల సెగ చూపించి లోపలి ఆముదం పొగగా వెళ్లగొట్టించారు, గరుకు కాగితంతో రుద్దించారు. గోటి మీద పట్టేంత గ్రీసు ఇరుసుకు మాత్రమే రాయించారు. బిగించాక చూసి, "మళ్లీ విప్పండి," అన్నారు. అలా పొద్దుగూకేలోపల నాలుగుసార్లు విప్పించారు. నాలుగోసారి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. స్ప్రింగు కూడా ఎగరడం మానేసింది.

సోమవారం డిప్యూటీగారు బస్సు దిగి, బండిని ఒకసారి, నన్ను ఒకసారి అనుమానంగా చూసి వెనుక కూర్చున్నారు. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగి వస్తూ ఉప్పుటేరు దాటి గట్టెక్కగానే పెడలు దిగి అక్కడే నిలిచిపోయింది. డ్రమ్ములోకి తడి ఇసుక చేరింది. తల దాచుకోవడానికి చెట్టు లేదు. ఆయన గొడుగు విప్పుకొని, "అయితే ఇంతేనా?" అన్నారు. నా ఉద్యోగం గురించే అన్నారని నాకు అర్థమైంది. స్పానరు తీశాను. నా చేతులు నన్ను అడగకుండానే పని మొదలుపెట్టాయి. చక్రం ఊడదీసి, షూలు తీసి, ఇసుక దులిపి, ఇరుసు తుడిచి, మళ్లీ బిగించడానికి అరగంట పట్టింది. పెడలు తొక్కితే దిగింది, వదిలితే లేచింది.

"భేష్. ఎక్కడ నేర్చుకున్నారు? కాలేజీలో నేర్పారా?"

నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు: ఇంజన్ల సాయిబుగారు నేర్పారు సార్. ఆ నాలుగూ నాలుక దాకా వచ్చాయి. కొట్టంలో నేలమీద కూర్చొని నేర్చుకున్నానంటే నన్ను తక్కువగా చూస్తారేమోనని భయమేసింది. "అవునండి," అన్నాను.

నెలాఖరుకు నన్ను ఖాయం చేస్తూ ఉత్తరువు వచ్చింది. అందులో "కళాశాలలో యంత్రశిక్షణ పొందిన యోగ్యుడు" అని ఒక వాక్యం ఉంది. అది చదవగానే నాకు పట్టరాని ఆగ్రహం కలిగింది. ఎవరి మీద చూపించాలా అని చూస్తే, అన్నాళ్లూ నేను కోప్పడినవాళ్లలో ఒక్కరూ అందుకు తగినవారుగా కనిపించలేదు. ఆ కాగితం పట్టుకొని కొట్టానికి వెళ్లి, ఆ వాక్యంతో సహా చదివి వినిపించి, జరిగింది చెప్పాను. సాయిబుగారు చేతులు తుడుచుకుంటూ విన్నారు.

"ఏ కాలేజీ అన్నారు సార్?"

"పేరు అడగలేదండీ."

"అడిగుంటే?"

నేను ఉత్తరువును మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సరేలే సార్. ఇంకోసారి ఎవురన్నా అడిగితే మన కొట్టం పేరు చెప్పండి. నాకు గిరాకీ అయినా వస్తాది."

ఊరందరి మీదా అంత నిప్పులు కక్కిన ఆ యువకుడు ఆ ఒక్క మాటకు మాత్రం ఎంత వినయంగా తలూపాడో తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. నవ్వు అయిపోయిన తరువాత అతని మీద కాస్త జాలి కూడా కలుగుతుంది. ఆ తరువాత నా ఉద్యోగకాలమంతా, బండి పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగినవాళ్లందరికీ, వాకాడులో ఇంజన్ల సాయిబుగారి దగ్గర అని చెప్పాను.