మామిడికి మేనల్లుడు కూడా కాదు

నోట్లో పెట్టుకున్నదానికి పేరొకటి, రుచి ఒకటీ అయితే ఏసుపాదానికి ఒళ్ళు మండిపోతుంది. ఉప్పు తక్కువైతే ఊరుకుంటాడు. కూర మాడిపోతే మాట్లాడకుండా తింటాడు. అల్లం పచ్చడి అని చెప్పి చింతపండు పచ్చడి వడ్డిస్తే మాత్రం, వడ్డించింది పెళ్ళివారైనా సరే, పాస్టరు గారైనా సరే, వదిలిపెట్టడు. పైగా ఆయన తీర్పులన్నీ చుట్టరికాల్లోనే ఉంటాయి. "ఇది అల్లం పచ్చడా? అల్లానికి దూరపు బంధువు. శుభలేఖ కూడా అక్కర్లేదు, ఫోన్ చేసి చెబితే చాలు!"

భార్య నవోమి ఈ తీర్పులు భీమవరంలో కాపురానికి వచ్చిన నాటి నుంచీ వింటోంది, అమెరికాలోని ప్లేనో వచ్చాకా వింటోంది. ఆఫీసులో కూడా ఆయన పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే. ఒకసారి ఇండియన్ రెస్టారెంట్‌లో మ్యాంగో లస్సీ తాగి మేనేజర్ని పిలిపించాడు.

"బాబూ, ఇందులో మామిడి ఎక్కడ?"

"డబ్బాలోది సార్, డబ్బా మీద బొమ్మ కూడా ఉంటుంది."

"అదే చెబుతున్నా. డబ్బా మీదే ఉంది."

ఆ పూట నవోమి సిగ్గుతో చచ్చిపోయి, బిర్యానీ ప్యాక్ చేయించుకుని కార్లో కూర్చుని తింది.

అలాంటి మనిషి 2014 ఎండాకాలంలో వేప్ షాపులో కాలు పెట్టాడు! పొగ బదులు ఆవిరి వదిలే ఎలక్ట్రిక్ సిగరెట్ల కొట్టు అది. ఇండియన్ గ్రోసరీ ఉన్న వరసలోనే కొత్తగా తెరిచారు. లోపల పొడుగాటి బల్ల, దాని మీద వరసగా సీసాలు: మామిడి, పుచ్చకాయ, కస్టర్డ్, చివరికి పీచుమిఠాయి కూడా. కొనేముందు రుచి చూడనిస్తారు. పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు ముట్టనివాడు, చర్చిలో పిల్లలకి సండే స్కూల్ చెప్పేవాడు, శనివారం పొద్దున్నే ఆ బల్ల ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. కరివేపాకు కొనుక్కుని వస్తున్న నవోమి అద్దంలోంచి చూసింది. మొగుడి నోట్లోంచి రైలింజనుకి వచ్చినట్టు తెల్లటి ఆవిరి వస్తోంది.

"ఏవండీ! మతి గానీ పోయిందా?"

"నువ్వే చెప్పు నవోమీ, ఇది మామిడా?" అన్నాడాయన మహా కోపంగా. "మామిడికి మేనల్లుడు కూడా కాదు. మామిడి వాళ్ళింట్లో అద్దెకున్నవాడు!"

"నేనడిగేది అది కాదండీ!"

"నికోటిన్ లేదులే. లోపలికి పీల్చడం కూడా లేదు, నోట్లో తిప్పి వదిలేస్తున్నా. వీళ్ళు దీన్ని జ్యూస్ అంటున్నారు, విన్నావా? తాగితే ఆసుపత్రికి పోయేదాన్ని జ్యూస్ అంటారా? ఈ దేశంలో అడిగే నాథుడే లేడా?"

కొట్టు నడిపే కైల్, గడ్డం గుండెల మీదకి పెంచుకున్న టెక్సస్ మనిషి, మొదట భయపడ్డాడు. తర్వాత ఆ తీర్పులు ఇంగ్లీషులో చెప్పించుకుని తెగ సరదా పడ్డాడు. పై శనివారం నుంచి ఆయన రాగానే కొత్త సీసా తీసి, "కజిన్ ఆర్ నో కజిన్?" అని అడగడం మొదలుపెట్టాడు. పుచ్చకాయ సవతి తమ్ముడని తేలింది. కస్టర్డ్‌కీ పాలకీ ఎప్పుడో విడాకులైపోయాయి. పీచుమిఠాయిని ఏసుపాదం రెండోసారి కూడా నోట్లో తిప్పి చూసి, "దీనికి ముందూ వెనకా ఎవరూ లేరు," అన్నాడు.

ఇంట్లో చొక్కాలన్నీ తిరణాలలో మిఠాయి కొట్టు వాసన. నవోమి వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని వాషింగ్ మెషీన్‌లో పడేసేది.

"ఎందుకండీ ఈ దరిద్రం?"

"ఒక్కటైనా తినగలిగే రుచి దొరకాలి నవోమీ."

"దొరికితే?"

"దొరికితే మానేస్తా." అంతకుమించి ఆయన నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. లోకంలో ప్రతి పచ్చడి మీదా గంటసేపు మాట్లాడే మనిషికి ఇక్కడే మౌనం వచ్చిందా అని ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

చివరికి ఫెబీ చూసింది. చర్చిలో పాటలు పాడించే షాలేం రాజు భార్య ఫెబీ. ఆవిడ చూసిందంటే టీవీలో వచ్చినట్టే. ఆదివారం ఆరాధన అయి భోజనాల దగ్గరికి చేరేసరికి అందరికీ తెలిసిపోయింది.

"తప్పుగా అనుకోకక్కా," అంది ఫెబీ, తప్పుగా అనుకోవడానికి కావలసినవన్నీ సమకూరుస్తూ. "అన్నయ్యగారు పిల్లలకి వాక్యం చెప్పే మనిషి కదా. మావారు చూడు, భోజనమయ్యాక సోంపు తప్ప ఇంకోటి ముట్టరు. ఎవరి నోరు వాళ్ళ అదుపులో ఉండాలి."

"ముందు నీ నోరు అదుపులో పెట్టుకో ఫెబీ," అంది నవోమి పులిహోర గరిటె బల్ల మీద కొట్టి. కానీ ఏం చెప్పుకుంటుంది? తనకే తెలియదాయె.

పాస్టరు గారు ఏసుపాదాన్ని పక్కకి తీసుకెళ్ళాడు. "బ్రదర్, వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుంటున్నారు. ఆ షాపుకి వెళ్ళనని ఇప్పుడే ఒక్క మాట అనండి, చాలు. లేదంటే సండే స్కూల్ వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది."

సండే స్కూల్ అంటే ఏసుపాదానికి ప్రాణం. చేప కడుపులో పడ్డ యోనా కథ చెప్పే రోజున తనే చేపలా నేల మీద పాకుతూ పిల్లల్ని మింగడానికి వెళ్ళేవాడు. అయినా సరే, "ఇంకొక్క శనివారం వెళ్ళాలి పాస్టరు గారూ," అన్నాడు.

ఇంటికి వెళ్తూ కార్లో నవోమి గొంతు చించుకుంది. "ఆ వెధవ ఆవిరి కోసం పిల్లల్ని వదులుకుంటారా?" ఆయన రోడ్డు వంకే చూస్తూ డ్రైవ్ చేశాడు. కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. అది చూసి ఆవిడకి ఇంకా కోపం వచ్చింది. ఏడిస్తే ఏడవాలి, చెబితే చెప్పాలి, మధ్యలో ఈ నాటకమేమిటి!

ఆ శనివారం కైల్ అడుగు అరలోంచి ఎవరూ కొనని సీసా ఒకటి తీశాడు. పైన బ్లాక్ లికరిష్ అని, అమెరికా వాళ్ళ నల్ల మిఠాయి పేరు ఉంది. ఏసుపాదం నోట్లో తిప్పి, లేచి నిలబడ్డాడు.

"ఇది సోంపు! అచ్చమైన సోంపు! ఇన్నాళ్ళూ మంచి పేర్లు పెట్టి చెత్త రుచి చూపించావు, నిజమైనది ఒక్కటి ఉంటే దానికి మారుపేరు పెట్టి అడుగున దాస్తావా?" అని కైల్ మీద అరిచి, అదే నోటితో రెండు సీసాలు ఇమ్మన్నాడు.

కార్లో కూర్చున్న నవోమి ఆ సీసాలు చూసి తల పట్టుకుంది.

ఆదివారం ఆరాధనకి ముందే, అందరి ఎదుటా పెద్దలు కూర్చున్నారు. "నిన్నటితో పని అయిపోయింది, ఇక వెళ్ళను," అన్నాడు ఏసుపాదం.

"ఏం పని బ్రదర్?" అన్నాడు పాస్టరు.

"అయిపోయిన పని గురించి ఎందుకండీ," అని ఆయన కూర్చోబోయాడు.

"ఏం పనో చెప్పకపోతే పిల్లల తల్లులం ఎలా నమ్ముతాం?" అంది వెనక నుంచి ఫెబీ. "నిన్న సీసాలు కూడా కొన్నారట!"

నవోమి చీర చెంగు దోపుకుని లేవబోయింది. అంతలో కీబోర్డు దగ్గర నుంచి షాలేం రాజు లేచాడు.

"ఆ సీసాలు నావి," అన్నాడు. "పెళ్ళికి ముందు నుంచీ సిగరెట్లు కాలుస్తున్నాను. ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కాల్చి, సోంపు నమిలి ఇంటికెళ్తాను. డాక్టర్ నా గొంతు చూసి ఇక మానకపోతే పాట ఉండదన్నాడు. మానడానికని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ ఆవిరి రుచులన్నీ వాంతొచ్చేలా ఉన్నాయి, మళ్ళీ సిగరెట్టే ముట్టించాను. ఆ షాపుకి వెళ్తే ఎవరైనా చూస్తారని ఏసుపాదం అన్న దగ్గర ఏడ్చాను. నువ్వు రాకు, నీ నోటికి పట్టేది నేను వెతుకుతా అన్నాడు. నిన్న సాయంత్రం నుంచీ నేను సిగరెట్టు ముట్టలేదు."

ఫెబీ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ చర్చిలో అందరూ మొదటిసారి చూసిన వింత అది.

ఏసుపాదం మాత్రం మండిపడ్డాడు. "ఎందుకు చెప్పావయ్యా? పీచుమిఠాయిలూ కస్టర్డులూ నోట్లో వేసుకుని నేను పడ్డ నరకమంతా, నువ్విలా లేచి చెప్పడానికా?"

పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పిల్లలు క్లాసులో ఎదురుచూస్తున్నారు బ్రదర్, వెళ్ళండి," అన్నాడు.

తిరుగు దారిలో నవోమి సీటుబెల్టు విసురుగా లాగి పెట్టుకుంది. "నాక్కూడా చెప్పకూడదా?"

"చెబితే, ఫెబీ ఆ మాటలన్న రోజు నువ్వు ఆగేదానివా?"

నవోమి ఆలోచించింది. ఆగేది కాదు. గరిటెతో సహా చెప్పేసి ఉండేది. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేక ఏసీ పెంచింది.

కొన్నాళ్ళకి ఫెబీ ఫోన్ చేసింది. "అక్కా, ఆ సోంపు సీసాలు అయిపోవచ్చాయి. మావారు మళ్ళీ సిగరెట్ల వైపు పోతారేమోనని భయంగా ఉంది. అన్నయ్యగారు ఈ శనివారం తెచ్చిపెడతారా? మేం వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని..."

"ఏమ్మా, మమ్మల్ని చూస్తే పర్లేదా?" నవోమి అరుపుకి పక్కగదిలో ఏసుపాదం టీవీ ఆపేశాడు. "మా పరువేమన్నా రోడ్డు మీద దొరికిందా? అన్ని మాటలన్నదానివి, ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావు?" అని ఫెబీని దులిపేసింది. ఫెబీ ప్రతిదానికీ "నిజమే అక్కా" అంటూ వచ్చింది.

నవోమి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. చెప్పులు వేసుకుని, కారు తాళాల కోసం వెతుక్కుంటూ, "సరే, ఎన్ని సీసాలు?" అంది.