గొడుగు కథ మీద బేరం

నా చిన్నప్పుడు నా నోరు మూతపడేది ఒక్క ఇంగ్లీషు దగ్గరే. తెలుగులోనూ హిందీలోనూ నన్ను ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. భిలాయిలో సెక్టర్ 7 మార్కెట్లో మా నాన్నకి స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పాత చీరలు తీసుకుని గిన్నెలూ డబ్బాలూ ఇచ్చేవాళ్ళం. బడి నుంచి రాగానే నేను గల్లా పక్కన ఎక్కి కూర్చునేదాన్ని. చీరని వెలుతురుకి ఎత్తిపట్టి చిరుగులు వెతకడం, మూతి విరవడం, "ఆంటీజీ, దీనికి చెంచా కూడా రాదు" అనడం నాకు అక్షరాలకన్నా ముందే వచ్చేశాయి. స్టీలు ప్లాంటు ఆఫీసర్ల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా నన్ను చూసి జంకుతారని నాన్న గొప్పగా చెప్పేవాడు. నిజానికి వాళ్ళు నవ్వుకుని, పోనీలే అని వదిలేసేవారేమో.

ఐదో తరగతి అయ్యాక నన్ను ఇంగ్లీషు మీడియం బడిలో వేయాలనుకున్నారు. నాన్నకన్నా నాకే ఆత్రం ఎక్కువ. నాతో ఆడుకునే పిల్లలంతా అప్పటికే ఆ బడి బస్సు ఎక్కుతున్నారు. ఆటల మధ్య వాళ్ళు ఇంగ్లీషులో గుసగుసలాడుకుంటే నేను వెర్రినవ్వు నవ్వుతూ నిలబడేదాన్ని. రాత పరీక్ష గట్టెక్కాను. ఇక పెద్ద మేడమ్ ముందు ఒక చిన్న కథ చదివి, దాని గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి. అది తప్పితే సీటు లేదు.

మా దుకాణం ఎదుటి క్వార్టర్లో ఉండే ఇంజనీరుగారి అమ్మాయి కాలేజీలో చదివేది. వాళ్ళదీ మాదీ విజయనగరం వైపే. నాకు నేర్పడానికి ఆ అక్క ఒప్పుకుని, ఒక కథ చదివించింది. ఒక ముసలమ్మ వానలో దారినపోయే మనిషికి గొడుగు అరువిస్తుంది. మరో వానలో అతను దాన్ని తిరిగివ్వడానికి తడిసి ముద్దయి వస్తాడు, ఆ గొడుగు మడిచి చంకలో పెట్టుకుని. అంతే కథ. అందులోని కొత్త మాటలన్నీ అర్థాలతో సహా గడగడా అప్పజెప్పాను. ఆ మనిషి మంచివాడు కదూ అని అక్క ఇంగ్లీషులో అడిగితే "యస్ దీదీ" అన్నాను. కాసేపాగి, ఆ మనిషి తెలివితక్కువవాడు కదూ అంది. దానికీ "యస్ దీదీ" అన్నాను.

"ఏటే, రెండిటికీ యస్సేనా? దుకాణంలో నాకు ఒక్కసారైనా యస్ అన్నావా నువ్వు?"

మర్నాడు సాయంత్రం అక్క ఒక పాత చీర పట్టుకుని దుకాణానికే వచ్చింది. పెద్ద బియ్యం డబ్బా కావాలంది, అదీ ఇంగ్లీషులో. నాన్న ఏదో అనబోతే, మీరుండండి బాబాయిగారూ అన్నట్టు చెయ్యి చూపింది. చీర కొత్తదేనంటూ అంత అబద్ధం ఆడుతుంటే నేను ఊరుకోగలనా? వెలుతురుకి ఎత్తాను. "నో న్యూ! హోల్! టూ హోల్!" అని కేకేశాను. అక్క ఒక మాట అంటే నేను రెండు అన్నాను. ఆ ఊపులోనే, డబ్బా సంగతి వదిలేసి, గొడుగు మనిషి శుద్ధ తెలివితక్కువవాడని అక్క అంది.

"నో!" అన్నాను.

"వై నో?"

"వన్ రెయిన్ బారో. టూ రెయిన్, నాట్ హిజ్!" ఒక వానకని అరువు తెచ్చుకున్నది రెండో వానకి వాడుకోవడం వ్యాపారమేనా మరి?

నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అక్క మాత్రం తగ్గలేదు. మొదటి వాన వెలవగానే తిరిగి ఇవ్వాల్సింది కదా, ఇన్నాళ్ళూ ముసలమ్మ తడవలేదా అంది. దానికి వెంటనే నో అనబోయి ఆగిపోయాను. ఆ మాటలో నాకు చిరుగు కనబడలేదు. "చూశావా," అంది అక్క తెలుగులోకి వచ్చేసి, "ఇప్పుడు విన్నావు నా మాట. ఇందాకటి దాకా నీ వంతు కోసమే చూస్తున్నావు."

బడిలో ఇచ్చింది వేరే కథ. ఒక దుకాణదారు రొట్టె ఎత్తుకుపోయిన కుక్కని తరుముతాడు. అతను కఠినాత్ముడు కదూ అన్నారు మేడమ్. దుకాణదార్ల పిల్లనైన నాకు ఒళ్ళు మండింది. అతనికీ పిల్లలుంటారు, పిండి కలిపింది కుక్క కాదు అని నాకొచ్చిన ముక్కల్లో వాదించాను. ఒక రొట్టెకేనా అంత పరుగు అన్నారావిడ. పూర్తిగా విని, ఈ రోజు ఒకటి, రేపు కుక్కలన్నీ వస్తాయన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. బేరం తెగలేదు. అలాంటప్పుడు మా దుకాణంలో అందరూ చేసేదే నేనూ చేశాను. లేచి, వెనక్కి పిలుస్తారని, నెమ్మదిగా తలుపు వైపు నడిచాను.

తలుపు దగ్గర నిలబడ్డ నాన్న నన్ను చూసి, అంతా పోయిందనుకుని చేతులు జోడించి లోపలికి దూసుకొచ్చాడు. "మేడమ్‌జీ, బచ్చీ హై! దుకాన్ కీ ఆదత్ హై, మాఫ్ కర్ దీజియే!" అంటూ, చిన్నపిల్ల, దుకాణం అలవాటు, మన్నించండని వేడుకున్నాడు.

మేడమ్ పగలబడి నవ్వారు. నన్ను వెనక్కి పిలిచి, కుర్చీ చూపించి, నీ వాదన ఇంకా వింటున్నాను, కానివ్వు అన్నారు. ఆ ఏడు నేనూ బస్సెక్కాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. కంపెనీల వాళ్ళతో ఇంగ్లీషులోనే బేరాలు నడుపుతాను, తప్పులతోనే, సిగ్గులేకుండా. అక్క నేర్పింది ఇంగ్లీషని అప్పుడనుకున్నాను గానీ, ఆవిడ నాకు నేర్పింది వినడం. కాదనాలంటే ముందు ఎదుటివాళ్ళని ఆఖరి మాట దాకా చెప్పనివ్వాలి. మా ఇంట్లోవాళ్ళు ఇది నమ్మరు. వినేటప్పుడు కూడా నీ మొహం బేరమే ఆడుతుందంటారు. ఆ మాట కూడా పూర్తిగా విన్నాకే కాదంటాను.