కుళాయి దగ్గర పెదనాయన రాయి

పెదనాయన పోయారన్న మాట నేను కుళాయి దగ్గర విన్నాను. నా బిందె ముందు ఇంకా నాలుగు బిందెలున్నాయి. పూలమ్మే ఆమె సందులోకి వస్తూనే, నెత్తిమీది గంప దించకుండా చెప్పింది.

"లెక్కల సారు వేలూరు ఆసుపత్రిలో పోయినాడంట."

కుళాయి కింద నిండిన బిందె పొర్లిపోతూనే ఉంది. మా సందులో నీళ్ళు అలా పొర్లిపోతుంటే ఎవరూ పట్టించుకోకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఎదురింటాయన. తిరుపతిలోనే కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆయన భార్యను నేను పెద్దమ్మా అని పిలిచాను కాబట్టి ఆయన పెదనాయన అయ్యారు. అయినా ఆ పిలుపు ఆయన ముందు నా నోటి నుంచి నాలుగైదుసార్లకు మించి వచ్చి ఉండదు. నాకు మగవాళ్ళ ముందు మాట రాదు. ఆడవాళ్ళ ముందు కూడా అంతంతమాత్రమే.

ఇది రాయమన్నది చిత్తూరు సారు. ఆయన చిత్తూరు కాలేజీలో పనిచేస్తారు. పెదనాయనా, ఆయనా, ఇంకా కొందరూ కలిసి పెట్టుకున్న గుంపు ఒకటుంది. ఆ గుంపు సైక్లోస్టైలు చేసి పంచుకునే పత్రికే మీరు ఇప్పుడు చదువుతున్నది. "మాలో చాలామంది కొత్తవాళ్ళు, ఆయన్ను చూడలేదు, మొదట్లో ఉన్న దానివి నువ్వే రాయాలమ్మా" అన్నారు. నేను ఐదో తరగతితో బడి మానేశాను. మీరు చేసే పని పేరు కూడా నా నోట సరిగా పలకదు. సిమ్యులేషన్ అంటారు. పెదనాయన నా దగ్గర మాత్రం ఉత్తుత్తి లెక్క అనేవారు. జరిగేదాన్ని బాగా చూసి, అదే కాగితం మీద మళ్ళీ జరిపించి, ఇలా మారిస్తే ఏమవుతుంది, అలా మారిస్తే ఏమవుతుంది అని చూడటం. నాకు అర్థమైంది అంతే. అర్థమైందో లేదో కూడా ఈ పొద్దుకీ నాకు తెలియదు.

సత్యవేడు పక్క పల్లె నుంచి పెళ్ళయి ఈ సందుకు వచ్చినప్పుడు మేము మేడమీద ఉండేవాళ్ళం. మా ఆయనకు ఇత్తడి సామాన్ల అంగట్లో పని. కొత్తకోడల్ని వీధి కుళాయికి పంపితే నలుగురూ ఏమనుకుంటారని మా అత్త తనే బిందె తీసుకుని పోయేది. నిజానికి అక్కడి కబుర్లు వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు. నేను కిటికీ దగ్గర నిలబడి కుళాయిని చూసేదాన్ని. నాకు తెలిసిన తిరుపతి అప్పటికి ఆ కిటికీలో పట్టినంతే.

ఒకరోజు పెద్దమ్మ పైకి వచ్చింది. చేతిలో ఒక టైంపీసు, గీతల నోటుపుస్తకం, పెన్సిలు.

"మా ఇంటాయన పంపించినాడమ్మా. కుళాయి కాడికి ఏ నిమిషానికి ఎంతమంది వస్తారో గీతలు గియ్యాలంట. నువ్వు ఎట్లా ఆడనే నిలబడుకోని ఉంటావు గదా."

మా అత్త ఎందుకని అడిగింది. ఎందుకో పెద్దమ్మకూ తెలియదు. "ఆయప్పకు పనీపాటా లేదు" అంది.

తర్వాత తెలిసింది. మా సందుకు రెండో కుళాయి కావాలని ఆడవాళ్ళు అడుగుతున్నారు. ఒకటి చాలని మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు అంటున్నారు. అర్జీ రాసిపెట్టమని ఆడవాళ్ళు వెళ్ళి పెదనాయనను అడిగారు. ఆయన అర్జీ రాయలేదు. ముందు చూద్దాం అన్నారు.

పొద్దున నీళ్ళు వచ్చినంతసేపు నేను గీతలు గీసేదాన్ని. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే పెదనాయన చాపమీద కూర్చుని ఉండేవారు. చింతగింజలను ఒకవైపు తెల్లబడేదాకా బండమీద అరగదీసి ఇవ్వమన్నారు. బారాకట్ట ఆడటానికి మా ఊళ్ళో అలాగే చేసుకుంటాం కాబట్టి ఆ పని నాకు బాగా వచ్చు. నేను గింజలు వేస్తే, ఎన్ని తెల్లగా పడ్డాయో చూసి, ఆ నిమిషానికి అంతమంది ఆడవాళ్ళు కుళాయి దగ్గరికి వచ్చినట్టు ఆయన రాసుకునేవారు. లేని ఆడవాళ్ళు, లేని బిందెలు. గింజలు వేసేటప్పుడు నాకు నవ్వు వచ్చేది. పెద్ద చదువు చదివిన మనిషి చిన్నపిల్లల ఆట ఆడుతున్నారేమిటని దిగులు కూడా వేసేది. ఒకసారి నేను పరధ్యానంగా వేస్తే ఆయన ఆపి, "ఉత్తుత్తిదైనా నిజంగా వెయ్యాలమ్మా" అన్నారు. గింజలు మళ్ళీ వేయించారు.

అలా చాలారోజులు వేశాక లెక్క తేలింది. ఒక కుళాయి చాలు. ఆఫీసువాళ్ళు చెప్పిందే.

పెద్దమ్మకు కోపం వచ్చింది. "అయితే నిన్న నా బిందె ఖాళీగా ఎందుకొచ్చినాదో ఆ గింజలనే అడుగు" అంది.

పెదనాయన నొచ్చుకోలేదు. గందరగోళంలో పడ్డారు. గీతలు చూసుకుంటారు, గింజలు చూసుకుంటారు, తల గోక్కుంటారు. నాకు తప్పు ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. కానీ చెప్పడానికి నోరు రాలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. ఆ లెక్క ఆయన ఆఫీసుకు పంపేస్తే సందుకు రెండో కుళాయి ఇక రాదు. దానికి కారణం నా గీతలే అవుతాయి.

మా సందులో కుళాయి దగ్గర మనిషి నిలబడనక్కరలేదు. రాయి పెడితే చాలు. ఒకరిది సగం ఇటుక, ఒకరిది విరిగిన రోటిముక్క, ఒకరిది మూతి పగిలిన కుండ. ఎవరి రాయి ఏదో అందరికీ తెలుసు. వరస జరిగినప్పుడల్లా వెనకున్నామె ముందున్న రాయిని కాలితో ముందుకు తోస్తుంది. రాయి కుళాయి దగ్గరికి వచ్చే వేళకు దాని మనిషి ఇంట్లోంచి బిందెతో వస్తుంది. రాయి కుళాయి దాకా రాకముందే నీళ్ళు ఆగిపోతే ఆ మనిషి ఆ పూట రానే రాదు. పెదనాయన వచ్చినవాళ్ళను గియ్యమన్నారు, నేను వచ్చినవాళ్ళను గీశాను. నీళ్ళు దొరకనివాళ్ళు నా పుస్తకంలో లేనే లేరు.

నాలుగో రోజు నేను కొంగులో గులకరాళ్ళు కట్టుకుని వెళ్ళాను. ఆయన గింజలకోసం చెయ్యి చాపితే, రాళ్ళు తీసి చాపమీద వరసగా పెట్టాను. వేలితో ఒకదాన్ని ముందుకు తోశాను. ఇంకొకదాన్ని తోశాను. చివరివి మూడు అక్కడే వదిలేసి చెయ్యి తీసేశాను.

ఆయన వంగి ఆ మూడింటినీ చూశారు. తర్వాత పెద్దగా నవ్వారు.

"ఇన్నాళ్ళూ మనుషులనే లెక్కబెట్టినాను గదమ్మా. రాళ్ళు ఉండాయని నాకు ఎవరూ చెప్పలే."

"ఒగసారన్నా నువ్వు బిందె ఎత్తుకోని పోయి ఉంటే తెలిసేది" అని పెద్దమ్మ వంటింట్లోంచి అంది.

ఆ రోజునుంచి రాయికి సున్న, మనిషికి గీత. రాయి పెట్టిన మనిషి వచ్చిందంటే సున్నమీద గీత పడుతుంది. నీళ్ళు ఆగేసరికి గీత పడని సున్నలు మిగులుతాయి. ఖాళీ సున్న అంటే ఏమని చిత్తూరు సారు అడిగినప్పుడు పెదనాయన చెప్పిన మాట నేను తెర వెనక విన్నాను. "మనిషి ఉండాది. ఇంకా రాలేదు, అంతే."

పెదనాయన కూడా ఒక రాయి పెట్టుకున్నారు. స్వర్ణముఖి ఇసుకలో దొరికిన నల్లటి గుండ్రాయి, అంతకు ముందు కాగితాలు ఎగరకుండా పెట్టుకునేది. పెద్దమ్మకు మోకాళ్ళు నొప్పి పుట్టిన రోజుల్లో ఆయనే బకెట్టుతో వచ్చేవారు. ఆ వరసలో మగమనిషి ఆయనొక్కరే. ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, పరీక్ష రాయడానికి వచ్చినానని అనేవారు.

మీ గుంపు నాకు తెలిసి ఆ ఇంటి ముందుగదిలో మొదలైంది. నెలలో ఒక ఆదివారం చిత్తూరు సారు, బస్సు డిపోలో పనిచేసే ఒకాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. నేను పెద్దమ్మతో బొరుగులు కలుపుతూ వినేదాన్ని. ఎక్కడో దూరదేశంలో ఒకాయన జబ్బుపడి మంచంలో పేక ఆడుకుంటూ, ఈ ఆట ఎన్నిసార్లు గెలుస్తానో లెక్క కట్టేకంటే ఊరికే ఆడి చూస్తే పోదా అనుకున్నాడంట. ఈ విద్యకు అది ఒక మొదలంట. ఆ మాట చెప్పి పెదనాయన నా గింజల వైపు చూపించారు. నా గింజలకూ ఆ దొరకూ ఏమి సంబంధమో నాకు బోధపడలేదు.

మద్రాసులో కంప్యూటరు ఉంది, అది అట్టకార్డులమీద పొడిచిన చిల్లులను చదువుతుంది అని మా కుళాయిని కార్డులమీదికి ఎక్కించారు. ఒకసారి చిత్తూరు సారు బస్టాండులో ఆ కట్ట జారవిడిచారు. వరస తప్పితే పనికిరావంట. డిపో ఆయనా ఈయనా మోకాళ్ళమీద కూర్చుని వాటిని ఏరి సర్దేసరికి రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు.

నేను నవ్వలేకపోయాను. ఆ కట్టలో నా అబద్ధం ఒకటి ఉందేమోనని.

రాళ్ళు కూడా గీయడం మొదలుపెట్టాక ఒకరోజు మా అమ్మ పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చింది. చెనక్కాయల మూట దించి వంటింట్లో కూర్చుంది. పెళ్ళయ్యాక ఆమెను చూడటం అదే మొదలు. మాటల్లో నీళ్ళ వేళ అయిపోయింది. కిటికీ సంగతే మరిచాను. పేజీ ఖాళీగా చూపించడానికి సిగ్గేసి, సాయంత్రం లోపల నేనే గీసేశాను. రెండు, మూడు, రెండు, మూడు. సున్నలు కూడా పొందికగా పెట్టాను.

పెదనాయన ఆ పేజీ దగ్గర ఆగారు.

"ఈ పొద్దు అందరూ బలే బుద్ధిగా వచ్చినారే" అన్నారు.

నేను కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన పంచె చెంగుతో అద్దాలు తుడుచుకున్నారు. పెద్దమ్మను కాఫీ అడిగారు. పేజీ తిప్పారు. అంతే. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కోపం లేదు, దయా చూపించలేదు. కనిపెట్టారో లేదో తెలియక ఇన్నేళ్ళూ ఆయన ఎదుట పడినప్పుడల్లా నాకు అదే గందరగోళం.

లెక్క మారింది. ఒక కుళాయి చాలదని తేలింది. అర్జీ వెళ్ళింది. మరుసటి ఏడు రెండో కుళాయి వచ్చింది. ఓట్లు వస్తున్నాయి కాబట్టి వేశారని మా అత్త అంటుంది. అర్జీ వల్లనో, ఓట్ల వల్లనో, రెండిటి వల్లనో. పెదనాయనను అడిగితే, "నీళ్ళు వస్తాండాయి గదా, పట్టుకో" అన్నారని పెద్దమ్మ చెప్పింది. అది నా అబద్ధంమీద కూడా నిలబడి ఉందా అని ఆ కుళాయి తిప్పిన ప్రతిసారీ అనుకుంటాను.

ఇప్పుడు మీరు కాలేజీలో గది ఇప్పించుకున్నారు. టీవీలాంటి యంత్రం వచ్చిందంట. మేము నెలంతా వేసిన గింజలు అది కాఫీ కాగేలోపల వేసేస్తుందంట. అలిపిరి దగ్గర బస్సుల లెక్క ఒకరు, సత్యవేడు పక్క చెనక్కాయల చేలకు వాన లెక్క ఒకరు చేస్తున్నారని చిత్తూరు సారు చెప్పారు. మా నాయన చేను కూడా ఆ యంత్రంలో ఉంటుందా అని అడగాలనిపించి అడగలేదు. అయినా కొత్తగా చేరినవాళ్ళు ముందు చాపమీద కూర్చుని, నేను అరగదీసిన గింజలతోనే మా కుళాయి లెక్క చెయ్యాలంట. ఆ నియమం పెదనాయన పెట్టిందే. అంటే నా పుస్తకం చూసే చేస్తారు. ఆ మాట విన్నాకే ఇక దాచకూడదు అనుకున్నాను.

కర్మలయ్యాక చిత్తూరు సారు పాత నోటుపుస్తకం తెచ్చి నా చేతికిచ్చారు. ఇది రాయడానికి పనికొస్తుందని. నేను నిలబడే ఆ పేజీ వెతికాను. నా గీతలు అలాగే ఉన్నాయి, బుద్ధిగా. పేజీ పైన మూలకు పెదనాయన చేత్తో పెట్టిన ఒక సున్న ఉంది. ఖాళీ సున్న. దానిమీద గీత లేదు. పుస్తకమంతా తిప్పాను. అలాంటిది ఇంకే పేజీమీదా లేదు.

అప్పుడు చిత్తూరు సారుకు అంతా చెప్పాను. ఒక మగమనిషితో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన ఆ సున్నను వేలితో తడిమారు.

"ఆ దినాన్ని లెక్కలో కలిపినాడో, తీసేసినాడో నాకూ తెలీదమ్మా. కార్డులు చెదలు తినేసినాయి."

"కనిపెట్టినాడా సారూ?"

"కనిపెట్టినట్టే ఉండాది. మరి నిన్నెందుకు అడగలేదో అర్థం కావడంలేదు."

నాకూ అర్థం కావడంలేదు. మనిషి ఉంది, ఇంకా రాలేదు, అంతే అన్న ఆ మాట మాత్రం చెవిలో ఉంది. నాకోసమే పెట్టి ఉంటే చాలా ఏళ్ళు ఎదురుచూశారు. నేను ఆలస్యంగా వచ్చాను. గింజలు వేసేవాళ్ళు ఆ పేజీని వదిలేయండి. ఆ రోజు నేను కిటికీ దగ్గర లేను.

నిన్న పొద్దున కుళాయికి వెళ్ళాను. పెద్దమ్మ ఇంకా గడప దాటడం లేదు. అయినా పెదనాయన నల్లరాయి వరసలోనే ఉంది. వేలూరు పోకముందు పెట్టిందే. పక్కకు తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాక ఇన్నాళ్ళూ దాన్ని దాటుకుని పోతున్నారు. నిన్న మాత్రం వరస జరిగినప్పుడల్లా వెనకున్నామె అలవాటుగా దాన్ని కాలితో ముందుకు తోస్తూ వచ్చింది. రాయి కుళాయి కిందికి వచ్చింది. ఆమె తన బిందె పెట్టకుండా ఆగి, ఎదురింటి గడప వైపు చూసింది. వెనకున్నవాళ్ళం కూడా అటే చూశాం. నీళ్ళు రాయిమీద పడుతున్నాయి. తడిసి అది ఇంకా నల్లబడుతోంది.